దమ్ము మట్టిలో మొక్కజొన్న వేరు

గోదావరి లంక గ్రామాల్లో ఏటి కోతకు గట్టు విరిగిపడిన చోట నిలబడితే, మామూలుగా ఎవరి కంటా పడని దృశ్యం ఒకటి కనిపిస్తుంది. పైన మొక్కజొన్న చేను. కింద నిలువునా తెగిన ఒండ్రు గోడ. ఆ గోడలోంచి తెల్లటి, లేత గోధుమ రంగు దారాలు గాలికి ఊగుతుంటాయి. పై జానెడు మందంలో చిక్కుపడిన జుట్టులా ఒత్తుగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ పలచబడతాయి. నడుము లోతు దాటాక కూడా అక్కడొకటి, అక్కడొకటి వేలాడుతూనే ఉంటాయి. ఆ భూమి పోగొట్టుకున్న రైతుకు అది చూడబుద్ధి కాని దృశ్యం. కానీ మొక్కజొన్న వేరు ఎంత దూరం పోగలదో గునపం పట్టకుండా చూపించే చోటు డెల్టాలో అంతకు మించి లేదు.

అక్కడి నుంచి గట్టు దిగి, పంట బోదెల వెంట లోపలి ఊళ్ళ వైపు వస్తే సార్వా వరి కోసిన నల్లమట్టి చేలు. అక్కడా మొక్కజొన్నే. విత్తనం అదే, వయసూ అంతే. ఒక మొక్క చుట్టూ పారతో తవ్వి పైకి లేపితే వచ్చేది వేర్ల బుట్ట కాదు, చాప. జానెడు లోతు వరకు దట్టంగా అల్లుకుని, అడుగున కత్తితో కోసినట్టు ఒకే మట్టంలో ఆగిపోయి ఉంటుంది. రెండు చేలకూ మట్టి తెచ్చింది గోదావరే. ఇసుక పాలు ఎక్కువ తక్కువల తేడా ఉన్న మాట నిజమే గానీ, ఆ చాపను నేసింది మాత్రం వరి కోసం తరాలుగా చేస్తూ వచ్చిన దమ్ము, అంటే నీళ్ళు పెట్టి చేనును బురద చేయడం.

మొక్కజొన్న దిగుబడి మాట వస్తే విత్తనం, యూరియా, కత్తెర పురుగు, ధర, ఈ నాలుగూ చర్చకు వస్తాయి. వేరు ఊసు ఎవరూ ఎత్తరు, కనిపించదు కాబట్టి. కానీ వరి కోసిన చేలో వేసిన మొక్కజొన్నకు మొదటి ముప్పై, నలభై రోజుల్లో వేరు ఎక్కడిదాకా దిగిందో అక్కడే సగం లెక్క తేలిపోతుంది. తర్వాత వేసే ఎరువుల్లో చాలా భాగం ఆ వేరు అందుకోగలిగినంత మేరకే పనిచేస్తుంది.

గింజ వేర్లు, కణుపు వేర్లు

మొక్కజొన్నకు కందికో పత్తికో ఉన్నట్టు తల్లివేరు ఉండదు. గడ్డి జాతి కాబట్టి అన్నీ పీచు వేర్లే. అయితే అవన్నీ ఒకేసారి పుట్టవు, ఒకే చోట నుంచీ పుట్టవు. మొక్క తన జీవితంలో రెండు వేర్వేరు వేరు వ్యవస్థలు కట్టుకుంటుంది. మొదటిది గింజ నుంచి, రెండోది కాండం కణుపుల నుంచి.

గింజ తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పీల్చుకున్నాక, వెచ్చటి మట్టిలో రెండు మూడు రోజులకే మొదటి వేరు బయటికి వస్తుంది. మొలక ముల్లు కంటే ముందు వచ్చేది ఇదే. వెనకే గింజ పై భాగం నుంచి మరో మూడు నాలుగు వేర్లు పక్కలకు సాగుతాయి. వీటిని గింజ వేర్లు అనుకుందాం. ఇవి సన్నగా, బలహీనంగా కనిపిస్తాయి గానీ మొలక మట్టిని చీల్చుకుని లేచి మూడు ఆకులు వేసేదాకా నీళ్ళు తెచ్చిపెట్టేది ఇవే. తిండి మాత్రం గింజలో నిల్వ ఉన్న పిండి నుంచే.

ఈలోగా గింజకీ మొలకకీ మధ్య ఒక తెల్లటి కాడ సాగుతుంటుంది. చూడ్డానికి సేమియా పోగులా ఉండే ఈ కాడ చేసే పని విచిత్రమైనది. మొలక ముల్లు కొనకు వెలుతురు తగలగానే ఇది సాగడం మానేస్తుంది. దాంతో మొక్క మొదలు, అంటే రాబోయే అసలు వేర్లు పుట్టే చోటు, నేల మట్టానికి రెండు సెంటీమీటర్ల కిందే ఏర్పడుతుంది. గింజను నాలుగు సెంటీమీటర్ల లోతున పెట్టినా, ఏడు సెంటీమీటర్ల లోతున పెట్టినా మొదలు కూర్చునేది ఇంచుమించు అక్కడే. లోతుగా పెడితే కాడ పొడుగవుతుంది, అంతే. అందుకే 'లోతుగా పెడితే వేరు లోతుకు పోతుంది' అన్న మాటలో పస లేదు. పైపైన, రెండు సెంటీమీటర్ల లోతులోనే గింజ వదిలేస్తే మాత్రం నష్టం ఖాయం. మొదలు నేల పైకి తేలిపోతుంది.

ఆ మొదలు దగ్గర చిన్న చిన్న కణుపులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఒక్కో కణుపు నుంచి ఒక్కో వరుస వేర్లు, చక్రం ఆకుల్లా చుట్టూ తిరిగి పుట్టుకొస్తాయి. మొదటి ఆకు పూర్తిగా విచ్చుకునే వేళకు కింది వరుస మొదలవుతుంది. ఆపైన కొత్త ఆకులతో పాటే కొత్త వరుసలు. మట్టి లోపల అయిదారు వరుసలు, పైన కంటికి కనిపించే ఊత వేర్లు మరో రెండు మూడు వరుసలు. పై వరుసకు పోయేకొద్దీ వేరు లావెక్కుతుంది, సంఖ్య కూడా పెరుగుతుంది.

గింజలో పిండి అయిపోయేది మూడాకుల దశకు. కణుపు వేర్లు మొక్కను పూర్తిగా తమ భుజాన వేసుకునేది ఆరాకుల దశకు. ఈ రెండింటి మధ్య ఉన్న పది పన్నెండు రోజులూ పసిబిడ్డకు పాలు మాన్పించే రోజుల్లాంటివి. పాత ఆసరా తగ్గిపోతుంటుంది, కొత్తది ఇంకా కుదురుకోదు. చేలో కొన్ని మొక్కలు ఉన్నట్టుండి ఎదుగు బొదుగు లేక ఆగిపోయి, ఆకులకు ఊదా రంగు తిరిగేది తరచుగా ఈ రోజుల్లోనే. దుకాణానికి వెళ్ళి ఏదో ఒక మందు తెచ్చి కొట్టే ముందు, ఒక మొక్కను తవ్వి చూడటం చౌక.

తవ్వడానికి పద్ధతి ఉంది. పీకకూడదు. పీకితే చేతికొచ్చేది లావు వేర్లే, పని చేసే సన్నవన్నీ మట్టిలోనే తెగిపోతాయి. మొక్కకు జానెడు దూరంలో నాలుగు వైపులా పార దించి, మట్టి ముద్దతో సహా ఎత్తి, బకెట్ నీళ్ళలో ఓ గంట నానబెట్టాలి. నల్లమట్టి అయితే రాత్రంతా. ముద్ద విడిపోయాక మెల్లగా జాడిస్తే మొత్తం నిర్మాణం బయటపడుతుంది. పాతిక రోజుల మొక్కకైతే అడుగున డొల్లబోయిన గింజ తొక్క, దాన్ని అంటిపెట్టుకుని గోధుమ రంగు తిరిగిన గింజ వేర్లు, దాని పైన తెల్ల కాడ, ఆ పైన మొదలు, మొదలు చుట్టూ తెల్లటి కణుపు వేర్లు కనిపిస్తాయి. మొదలును చాకుతో నిలువుగా చీలిస్తే కింది కణుపులన్నీ వేలి గోరంత మేరలో ఇరుక్కుని ఉంటాయి. కణుపు వేర్ల కొనలు తెల్లగా, సూదిగా ఉంటే వేరు నడుస్తోందని. గోధుమ రంగులో మొద్దుబారి ఉంటే ఆగిపోయిందని. ఒకే వైపు వేర్లుండి రెండో వైపు బోసిగా ఉంటే, ఆ వైపు మట్టి గట్టిపడిందనో బెజ్జం సరిగ్గా మూసుకోలేదనో అనుమానించాలి.

వరి వదిలివెళ్ళిన నేల

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి డెల్టా చేలు వరికి అలవాటు పడ్డాయి. సార్వా తర్వాత రెండో వరి పంట, దాళ్వా, కూడా వేసే చోట ఏడాదికి రెండు దమ్ములు. దమ్ము అంటే మట్టి రేణువుల పొందికను కావాలని చెడగొట్టడమే. గుల్లగా ఉన్న గడ్డలన్నీ నీళ్ళలో చితికి మెత్తటి బురదవుతాయి. ఆ బురద కింద, పదిహేను నుంచి పాతిక సెంటీమీటర్ల లోతులో, పశువుల గిట్టలూ నాగళ్ళూ, తర్వాత ట్రాక్టర్ చక్రాలూ తొక్కి తొక్కి ఒక గట్టి పొర తయారవుతుంది. వరికి అది వరం. పెట్టిన నీరు ఇంకిపోకుండా ఆపేది అదే. మొక్కజొన్న వేరు చాపలా ఆగిపోయిన మట్టం కూడా అదే.

వేరు మట్టిని ఎలా తొలుస్తుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ పొర ఎందుకంత అడ్డమో అర్థమవుతుంది. వేరు కొనకు చిన్న టోపీ లాంటి తొడుగు ఉంటుంది. అందులోని పిండి రేణువులు అడుగుకు దిగి, కింద ఏ వైపో వేరుకు చెబుతాయి. తొడుగు జిగురు వదులుతుంది, పై కణాలను రాల్చుకుంటూ పోతుంది. ఆ జిగురూ రాలిన కణాలూ నూనె రాసినట్టు పనిచేసి రాపిడి తగ్గిస్తాయి. తొడుగు వెనక సెంటీమీటరు లోపు భాగంలో మాత్రమే కణాలు సాగుతాయి, అవి ఉబ్బి కొనను ముందుకు నెడతాయి. దాని వెనక మిల్లీమీటరుకు మించని నూగు వెంట్రుకలు పుట్టి మట్టిని పట్టుకుంటాయి. అంటే నెట్టే బలమంతా కణాల్లోని నీటి ఒత్తిడిదే. ఆ బలానికి ఒక హద్దుంది. మట్టి నిరోధం రెండు మెగాపాస్కల్‌లు దాటితే చాలా పంటల వేర్లు దాదాపు ఆగిపోతాయి. మంచి మట్టిలో రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు పోగలిగిన వేరు అక్కడ మొద్దుబారి, లావెక్కి, పక్కకు తిరుగుతుంది.

అడ్డం వచ్చింది బలం చాలకే అని చాలాకాలం అనుకున్నారు. 2021లో వరి మీద, అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద జరిగిన పరిశోధన ఇంకో కోణం చూపించింది. వేరు నిత్యం ఇథిలీన్ వాయువును వదులుతుంటుంది. గుల్ల మట్టిలో అది చెదిరిపోతుంది. బిగుసుకుపోయిన మట్టిలో చెదిరే దారి లేక వేరు చుట్టూనే పోగుపడుతుంది. దాన్ని గుర్తించిన వేరు తానే పెరుగుదల తగ్గించుకుంటుంది. అంటే సగం ఆగడం చేతకాక, సగం ఆగడం సంకేతం అందుకుని!

ఇక్కడ రైతుల నోట్లో నలిగే ఒక మాట దగ్గర ఆగాలి: పదును. నల్లమట్టి తడిగా ఉంటే వెన్న, ఆరితే ఇటుక. గట్టి పొర గట్టిదనం ఒక స్థిరమైన అంకె కాదు, తేమతో పాటు రోజురోజుకీ మారుతుంది. మరీ తడిగా ఉంటే మెత్తగా ఉన్నా గాలి ఉండదు. మరీ ఆరితే గాలి ఉన్నా వేరు దిగదు. ఈ రెండింటి మధ్య వేరుకు దారి తెరుచుకునే కొన్ని రోజులే పదును. సార్వా కోసి నీళ్ళు తీసేశాక ఆ పదును పై నుంచి కిందికి రోజురోజుకీ జారిపోతుంటుంది. విత్తిన రోజు నుంచి వేరు దాని వెంట పరుగు తీస్తుంటుంది. వేరు ముందుంటే పొర దాటుతుంది. ఆరుదల ముందుంటే పొర మీదే చాప పరుచుకుంటుంది.

దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి కోస్తాలో అంతగా నిలదొక్కుకోవడానికి ఖర్చు తగ్గడం ఒక కారణమే గానీ, ఈ పరుగు పందెం ఇంకో కారణం. దున్నాలంటే తడి ఆరేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. ఆగి దున్నితే లేచేవి తలకాయంత పెడ్డలు. వాటి మధ్య గింజకు మట్టి అంటదు. అదే వరి కోసిన వెంటనే తాడు పట్టి, కర్రతో బెజ్జాలు పొడిచి గింజ వేస్తే ఆ రెండు మూడు వారాలూ వేరుకు మిగులుతాయి. దున్నని నేలలో పాత దారులు కూడా చెడవు. వరి వేర్లు కుళ్ళి మిగిల్చిన సన్నటి గొట్టాలు, వానపాముల బొరియలు, అన్నిటికీ మించి నెర్రెలు. నల్లమట్టి ఆరుతూ విచ్చుకున్న నెర్రె గట్టి పొరను కూడా చీలుస్తుంది. ట్రాక్టర్ చేయలేని లోతు దుక్కి అది, ఖర్చు లేకుండా.

అయితే నెర్రెలోంచి దిగిన వేరును చూస్తే సంబరం సగానికి పడిపోతుంది. నెర్రె పక్కనున్న మట్టి పెడ్డను విరిచి దాని ముఖం చూడాలి. వేర్లు దానికి అతుక్కుని, పుస్తకంలో పెట్టి నొక్కిన ఆకుల్లా చదునుగా ఉంటాయి. పెడ్డ లోపలికి ఒక్కటీ పోదు. లోతుకైతే పోయాయి గానీ, ఆ లోతున్న మట్టిలో ఎక్కువ భాగంతో వాటికి సంబంధమే లేదు. పెడ్డ లోపల ఉన్న భాస్వరం కాగితం మీద లెక్కకే. భాస్వరం మట్టిలో కొన్ని మిల్లీమీటర్లకు మించి కదలదు, వేరు తానే దాని దగ్గరికి పోవాలి.

బెజ్జం గురించి కూడా ఒక మాట. దున్నని చేలో గింజ వేశాక బెజ్జం మూయకుండా వదిలేయడం మామూలే, కూలీల ఖర్చు అలాంటిది. గింజ మొలుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ తెరిచిన బెజ్జంలోకి వెలుతురు అడుగుదాకా పోతుంది. తెల్ల కాడ అక్కడే ఆగిపోయి, మొదలు ఆ గాలి బొక్కలోనే కూర్చుంటుంది. కణుపు వేరు కొన మట్టిని తాకేలోపు ఆరిపోతుంది. నెల తిరిగాక గాలికి కొన్ని మొక్కలు మెడ విరిగినట్టు పక్కకు వాలిపోతే పురుగని అనుకుంటారు. తవ్వి చూస్తే మొదలు చుట్టూ ఎండిన మొండి ముళ్ళు తప్ప వేర్లు ఉండవు, మొక్క ఇంకా గింజ వేర్ల మీదే వేలాడుతుంటుంది. మడమతో ఒక తొక్కు తొక్కి బెజ్జం మూయించడం కంటే పెద్ద వైద్యం దీనికి లేదు.

నీళ్ళు ఎక్కువైతే, తక్కువైతే

మొక్కజొన్న నీటికి కాదు, ఊపిరి ఆడకపోవడానికి భయపడుతుంది. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మట్టి ఖాళీలు నీళ్ళతో నిండితే, వెచ్చటి రోజుల్లో ఉన్న ఆక్సిజన్ ఒకటి రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది. మొదట చచ్చేది వేరు కొనలు. ఆరాకుల దశ లోపు మొక్క ఎదిగే మొగ్గ కూడా నేల లోపలే ఉంటుంది కాబట్టి అప్పుడు నీళ్ళు నిలిస్తే ప్రమాదం రెట్టింపు.

మొక్కజొన్న చేతులు కట్టుకుని కూర్చోదు. వేరు లోపలి కణాలు కొన్ని వరసగా చచ్చిపోయి గాలి గొట్టాలు ఏర్పడతాయి. ఇథిలీన్ ఇక్కడా సూత్రధారే. వరికీ ఇవే గొట్టాలుంటాయి. మరి వరి నీళ్ళలో బతికి మొక్కజొన్న ఎందుకు బతకదు? వరి వేరు తన పై తొక్కను గట్టిగా బిగించుకుంటుంది, గొట్టంలో వచ్చిన గాలి దారిలో కారిపోకుండా కొన దాకా చేరుతుంది. మొక్కజొన్నకు ఆ బిగింపు సరిగా లేదు. చిల్లులు పడిన పైపులా దారి పొడవునా కారిపోయి కొనకు అందదు. దీని చుట్టం ఒకటి, నికరాగ్వాలో నీటి ముంపు నేలల్లో పెరిగే అడవి టియోసింటే, వరిలాగే తొక్క బిగించుకోగలదు. ఆ గుణాన్ని మొక్కజొన్నలోకి తేవాలన్న ప్రయత్నం పరిశోధకులకు ఊరికే పుట్టలేదు.

డెల్టాలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముంపు వానవల్ల వచ్చేది తక్కువ. రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, మట్టం సరిగా లేని చేలో మొదటి తడి పెట్టినప్పుడు పల్లంలో రెండు రోజులు నిలిచే నీళ్ళు. రెండోది, పక్క చేలో దాళ్వా వరి ఉంటే గట్టు కింది నుంచి వచ్చే ఊట. గట్టు పొడవునా నాలుగైదు సాళ్ళు పసుపు తిరిగి పొట్టిగా ఉండిపోతే నత్రజని చాలలేదని యూరియా చల్లుతారు. నత్రజని చాలకపోవడం నిజమే. గాలి లేని మట్టిలో నైట్రేటు వాయువుగా మారి పోతుంది, ఉన్నదాన్ని తీసుకునే వేరు కొనలూ ఉండవు. చల్లిన యూరియా కూడా అదే దారి పడుతుంది. గట్టు వెంట లోతుగా ఒక మురుగు కాలువ తీయడం ఒక మనిషికి ఒక పూట పని. ఊట చేలు ఉన్నచోట విత్తే ముందే ఆ పని కావాలి, పసుపు తిరిగాక కాదు.

ఇక రెండో కొస. 'మొదట్లో నీళ్ళు ఆపితే వేరు నీటిని వెతుక్కుంటూ లోతుకు పోతుంది' అంటారు. ఇందులో సగం నిజం ఉంది. పై మట్టి ఓ మోస్తరుగా ఆరి, కింద పదును ఉంటే మొక్క తన తిండిలో వేర్లకు ఎక్కువ పాలు పంపుతుంది, కింది వేర్లు చురుకవుతాయి. పై మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లన్నీ అక్కడే మకాం వేస్తాయి, అది కూడా నిజం. కానీ వేరు ఎండిన మట్టిని దాటి దూరంగా ఉన్న నీటిని పసిగట్టి పరిగెత్తదు. దాని కొన ఉన్న చోట తేమ ఉంటేనే అడుగు ముందుకు పడుతుంది. పిల్ల వేర్లు కూడా తడి తగిలిన వైపే పుడతాయి, ఒకే వేరుకు ఒక పక్క తడి మట్టి, మరో పక్క గాలి ఉంటే గాలి వైపు బోసిగా ఉండిపోతుంది. ఇది 2014లో మొక్కజొన్న వేరు మీదే చూపించారు. కాబట్టి కణుపు వేర్లు పుట్టే రెండు సెంటీమీటర్ల పొర పూర్తిగా ఎండిపోయేలా నీళ్ళు ఆపితే లోతు వేర్లు రావు సరికదా, అసలు వేర్లే రావు. వరి కోతలప్పుడు పదును బాగా ఉన్న చేలో మొదటి తడి కొంత ఆలస్యమైనా ఫరవాలేదు. అప్పటికే నెర్రెలు విచ్చిన చేలో అదే మాట పట్టుకు కూర్చుంటే నష్టం. రోజులు లెక్కపెట్టి తడి ఇవ్వడం కంటే, మొక్క మొదలు పక్కన వేలు గుచ్చి చూడటం నమ్మదగిన కొలత.

సముద్రం వైపు పోయేకొద్దీ నీటి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ కింది నీరు దగ్గరే, కానీ ఉప్పు. మొక్కజొన్న ఉప్పును అంతగా ఓర్చుకోలేదు. సంతృప్త మట్టి సారంలో ఈసీ, అంటే ఉప్పు ఎంత ఉందో చెప్పే విద్యుత్ వాహకత, 1.7 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుందని లెక్క. మట్టి పరీక్ష కార్డుల్లో ఇచ్చే ఈసీ సాధారణంగా నీళ్ళు ఎక్కువ కలిపి కొలిచింది, ఆ అంకెను దీనితో నేరుగా పోల్చకూడదు. చవుడు తగిలే చేలల్లో లోతు వేరు మంచిదన్న సూత్రం తిరగబడుతుంది.

నడి వయసు, ఊత వేర్లు

మోకాలెత్తు నుంచి పూతజల్లు దాకా మొక్క పైకి ఎంత ఉరుకుతుందో కిందికీ అంతే. కణుపు వేర్లు మొదట నేలకు ఏటవాలుగా పక్కలకు సాగుతాయి, సాళ్ళ మధ్య కలుసుకుంటాయి, తర్వాత కిందికి తిరుగుతాయి. అరవై సెంటీమీటర్ల సాళ్ళలో మోకాలెత్తు దాటాక సాలు మధ్యన గుంటక లోతుగా తోలితే తెగేది కలుపు మాత్రమే కాదు. 1920ల్లో అమెరికాలోని నెబ్రాస్కాలో జాన్ వీవర్ కందకాలు తవ్వించి, చిన్న పనిముట్లతో ఒక్కో వేరునూ మట్టిలోంచి విడదీసి గీసిన బొమ్మల్లో మొక్కజొన్న వేర్లు మీటరు దూరం పక్కకు, ఒకటిన్నర మీటర్లకు మించి లోతుకు పోయాయి. ఆ లోతైన మెత్తటి నేలల పక్కన మన దమ్ము చేలను పెట్టి చూడటం అన్యాయమే. లంక గట్టును పెట్టి చూడొచ్చు.

అమెరికాకే చెందిన వేరు శాస్త్రవేత్త జొనాథన్ లించ్ 2013లో మంచి మొక్కజొన్న వేరుకు ఒక నమూనా ప్రతిపాదించారు: నిటారుగా, చౌకగా, లోతుగా. నిటారుగా దిగాలి, మొక్కకు తక్కువ ఖర్చులో పెరగాలి, లోతున్న నీటినీ నైట్రేటునీ పట్టాలి. నైట్రేటు నీటితో పాటు కిందికి జారుతుంది కాబట్టి ఆ ఆలోచన సబబే. కానీ భాస్వరం పైనే ఉంటుంది. దున్నని చేలో అయితే మరీ. భాస్వరం ఎరువైన డీఏపీని మొక్కల పక్కన పైపైన వేసేస్తే అది పడిన చోటే పై పొరలో కూర్చుంటుంది, ఆ పొర ఆరితే వేరుకు అందనట్టే. గింజకు నాలుగైదు సెంటీమీటర్ల పక్కన ఇంకో బెజ్జం పొడిచి వేస్తే గింజ వేర్లకే అందుతుంది. డెల్టా వరి చేలకు నిటారు వేరు ఒక్కటే చాలదు. పైన పరుచుకునే కొన్ని, గట్టి పొరను తొలిచే లావుపాటి కొన్ని, రెండూ కావాలి. నీళ్ళు నిలిచిన మట్టిలో జింకు అందక కొత్తాకులు తెల్లబడే 'తెల్ల మొగ్గ' కూడా ఇక్కడ తరచుగా ఎదురయ్యేదే. ఆకు మీద చూపించే రంగుకు కింద వేరు దగ్గర ఒక కారణం ఉంటుంది.

పూతజల్లుకు కాస్త ముందు నేల పైన ఉన్న కణుపుల నుంచి ఊత వేర్లు దిగుతాయి. లావుగా, కొత్తలో ఆకుపచ్చగానో ఎర్రగానో, కొన మీద జిగురుతో ఉంటాయి. ఆ జిగురు చూసి ఒక ఆశ పుట్టడం సహజం. మెక్సికోలోని ఓహాకా కొండల్లో పండించే ఒక రకం మొక్కజొన్న ఊత వేర్ల జిగురులో గాలి నత్రజనిని పట్టే సూక్ష్మజీవులున్నాయని 2018లో బయటపడింది. కానీ అది చాలా పొడుగు, నెలల తరబడి పెరిగే రకం, ఊత వేర్ల వరుసలూ ఎక్కువ. మన 110, 120 రోజుల హైబ్రిడ్ల జిగురు చూసి యూరియా బస్తా తగ్గించుకోలేం.

మన చేలల్లో ఊత వేరు విలువ వేరే. మట్టిని తాకిందంటే అది కొమ్మలు వేసి నీళ్ళు, పోషకాలు కూడా తాగుతుంది. తాకేదాకా గాల్లో వేలాడే కట్టె మాత్రమే. దున్ని బోదెలు కట్టిన చేలో మట్టి ఎగదోస్తే ఊత వేరుకు నేల ఎదురొస్తుంది. దున్నని చేలో ఎగదోయడం ఉండదు. కొన కిందికి వచ్చేసరికి ఎదురయ్యేది ఎండకు బిగిసిన పెంకు. దాని మీద కొన వంగి, మాడి, ఆగిపోయిన ఊత వేర్లు చేను నిండా కనిపిస్తాయి. ఏప్రిల్‌లో ఈదురు గాలి కొట్టినప్పుడు అలాంటి చేలే ముందు పడతాయి. పూతకు ముందు ఇచ్చే తడి కండె పీచు కోసం, గింజ కట్టడం కోసం అంటారు. ఊత వేరు దిగడానికి నేల మెత్తబడేది కూడా ఆ తడికే. దున్నని చేలో దాన్ని నాలుగు రోజులు ముందుకు జరపడం లాభమే గానీ నష్టం కాదు.

పీచు వేసే వేళకు వేరు తన పొలిమేర గీసేసుకుంటుంది. ఆ తర్వాత మొక్క తయారుచేసే పిండి పదార్థం అంతా కండె వైపే పోతుంది. వేరుకు వచ్చే వాటా తగ్గిపోతుంది, కొత్త వేర్లు దాదాపు ఆగిపోతాయి, పాతవి ఒక్కొక్కటే చస్తుంటాయి. గింజ పాలు పోసుకునే రోజుల్లో మొక్క బతికేది ముందు వేసుకున్న వేర్ల మీదే. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది. వరి ఆలస్యమై జనవరి చివర విత్తిన చేలకు కాలువలు కట్టేసే రోజులు కూడా దగ్గరపడతాయి. జానెడు లోతు చాప మీద నిలబడిన మొక్కకు వారం రోజుల బెట్ట చాలు, మసికుళ్ళు తెగులు వేరు గుండా లోపలికి ఎక్కి కాండం డొల్ల చేస్తుంది. పొర దాటి దిగిన నాలుగు వేర్లున్న మొక్క అదే వారాన్ని పెద్ద అలజడి లేకుండా దాటేస్తుంది. పైనుంచి చూస్తే ఫిబ్రవరిలో రెండూ ఒక్కలాగే ఉంటాయి.

కండెలు విరిచి చొప్ప కోశాక మొదళ్ళు చేలోనే మిగులుతాయి. మే ఎండలకు మట్టి విచ్చుకుని, కొన్ని మొదళ్ళ పక్కన నెర్రెల్లో ఎండిన వేర్లు కనిపిస్తాయి. జూన్‌లో కాలువకు నీళ్ళు వదులుతారు. చేలు నానుతాయి, ట్రాక్టర్లకు దమ్ము చక్రాలు ఎక్కుతాయి. పై జానెడులో మొక్కజొన్న వేరు తొలిచిన గొట్టాలన్నీ ఒక్క పూటలో బురదలో కలిసిపోతాయి. దమ్ము చక్రం అందని లోతులో, గట్టి పొర కింద, దిగగలిగిన కొన్ని వేర్లు వదిలిన సన్నటి దారులు మాత్రం అలాగే ఉంటాయి, వచ్చే డిసెంబరు దాకా.